మొక్క పక్కన మనిషి
(జానకి అమ్మాళ్ స్మారకోపన్యాసం)

ఈ రోజు నేను మాట్లాడబోయేది ముఖ్యంగా వెనక వరుసల్లోనూ గోడవారనా నిలబడ్డ పరిశోధక విద్యార్థుల గురించి. ముందు వరుసల వాళ్లు ఏమీ అనుకోకూడదు. మనం కూడా ఒకప్పుడు అక్కడ నిలబడ్డవాళ్లమే.

ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతోందో ఆమెను ముందుగా తలుచుకుందాం. ఇ.కె. జానకి అమ్మాళ్ 1897లో తలశ్శేరిలో పుట్టారు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో, ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెబుతుండగా బార్బర్ స్కాలర్‌షిప్ వచ్చి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1931లో అక్కడే డి.ఎస్సి. అందుకున్నారు. తర్వాత తిరువనంతపురంలో రెండేళ్లు, 1934 నుంచి కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో అయిదేళ్లు పనిచేశారు. 1939 ఆగస్టులో జన్యుశాస్త్ర మహాసభకని ఎడింబరో వెళితే, సభ ముగిసీ ముగియకముందే యుద్ధం వచ్చిపడింది. అలా ఇంగ్లండులో ఉండిపోయి 1945 దాకా జాన్ ఇన్స్ సంస్థలో, 1951 దాకా విస్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తోటలో పనిచేశారు. నెహ్రూ పిలిస్తే తిరిగొచ్చి భారత వృక్ష సర్వేక్షణ సంస్థను పునర్వ్యవస్థీకరించే పని తలకెత్తుకున్నారు. 1977లో పద్మశ్రీ. 1984లో మద్రాసు దగ్గర కన్నుమూశారు.

ఇవన్నీ మీరు ఆహ్వాన పత్రికలో చదివే ఉంటారు. నన్ను ఆకట్టుకునేది ఆమె కోయంబత్తూరు రోజుల పని. గోదావరి లంకల్లో తెల్లగా ఊగే రెల్లు మీకు తెలుసు కదా. కోయంబత్తూరు చెరకు రకాల గట్టితనం చాలావరకు ఆ రెల్లు నుంచి వచ్చిందే. రెల్లును ఒక్కో ప్రాంతం నుంచి తెచ్చి, వేరు కొసలు కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు లెక్కపెట్టడం ఆమె పని. ఒకచోటి రెల్లులో 40, మరోచోటి రెల్లులో 128 దాకా ఉంటాయి. ఆ లెక్క ఇంకొకరికి అప్పగించే పని కాదు, ఎవరి కళ్లతో వాళ్లు కూర్చోవలసిందే. చెరకును మొక్కజొన్నతో కూడా కలిపి చూశారావిడ. 1938లో నేచర్‌లో ఆ సంగతి అచ్చయింది.

నేను చెప్పదలుచుకున్న మాట ఒక్కటే, మొదటే చెప్పేస్తాను. వృక్షశాస్త్రంలో మొక్కకు అందరికంటే దగ్గరగా ఉండేది కొత్తగా పరిశోధనలోకి వచ్చిన కుర్రవాడో అమ్మాయో. మన ఏర్పాట్లలో అందరికంటే తక్కువకాలం ఉండేదీ వాళ్లే. చూడటం నేర్చుకునేసరికి గడువు ముగుస్తోంది.

1

ఉమ్మెత్త దిబ్బల మీద మొలిచే మొక్క. వినాయక చవితి పత్రి కోసం తప్ప దాన్ని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ అనే యువతి ఆ ఉమ్మెత్త మొగ్గలు విప్పి, పరాగకోశాలు తీసి, గాజుగొట్టాల్లో పోషకాల జెల్లీ మీద పెట్టారు. ఆవిడకు అప్పుడు పాతికేళ్లు. పీహెచ్‌డీ అయి ఎన్నాళ్లో కాలేదు. సతీశ్ చంద్ర మహేశ్వరితో కలిసి ఆవిడ తెలుసుకోవాలనుకున్నది పరాగకోశంలో జరిగే క్షయకరణ విభజన గురించి. కొన్ని వారాలకు కోశాలు పగిలాయి. లోపలినుంచి బుల్లి బుల్లి పిండాలు తలలెత్తి చూస్తున్నాయి.

ఇలాంటిది కనిపించినప్పుడు నూటికి తొంభైమంది ఏం చేస్తారో నాకు తెలుసు. గొట్టం చెడిపోయిందని రాసుకుని కడిగేస్తారు. నేనూ కడిగినవాణ్ణే. ఆవిడ కడగలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ పిండాలు పరాగకోశం గోడలోంచి వచ్చాయా, పుప్పొడి రేణువులోంచి వచ్చాయా? గోడలోంచయితే గొప్పేమీ లేదు, తల్లి మొక్కే మళ్లీ మొలిచినట్టు. రేణువులోంచయితే సగం క్రోమోజోములతో, అంటే ఏకస్థితికంగా, ఒక మొక్క పుట్టిందన్నమాట. అవి పుప్పొడి రేణువులనుంచే వచ్చాయని చూపించే పత్రం 1966లో వచ్చింది. మధ్యలో రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఆ బల్ల ముందు ఆ మనిషే ఉంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాను.

దాని విలువ ఏమిటో బి.ఎస్సి. పిల్లల కోసం రెండు ముక్కలు. రెండు రకాలను కలిపితే వచ్చిన సంకరం నిలకడకు రావాలంటే తరం తర్వాత తరం స్వపరాగసంపర్కం చేయించాలి. తేడాలు ప్రతి తరానికీ సగమవుతాయి: సగం, పావు, అరపావు... ఆరు తరాలకు నూటికి ఒకటిన్నర మిగులుతుంది. అదే ఏకస్థితిక మొక్కకు కోల్చిసిన్ మందిచ్చి క్రోమోజోములను రెట్టింపు చేస్తే ఒక్క అడుగులో స్వచ్ఛమైన వంశం చేతికొస్తుంది. ఉమ్మెత్త తర్వాత పొగాకు, ఆ వెంటనే వరి, ఆపైన గోధుమ, ఆవ. ప్రపంచమంతా ఆ దారిన నడిచింది.

2

ఇక కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళదాం. 1931. బార్బరా మెక్‌క్లింటాక్ వయసు 29, స్థిరమైన ఉద్యోగం లేదు. ఆమె దగ్గర హారియెట్ క్రైటన్ అనే పరిశోధక విద్యార్థిని. మొక్కజొన్న తొమ్మిదో క్రోమోజోము ఒక కొసన గుబ్బలాంటి గుర్తు, ఇంకోవైపు మరో గుర్తు ఉన్న వంశం మెక్‌క్లింటాక్ దగ్గర ఉంది. గింజల లక్షణాలు తారుమారైనప్పుడు క్రోమోజోము ముక్కలు కూడా నిజంగానే చేతులు మారుతున్నాయా అన్నది ప్రశ్న. క్రైటన్ పొలంలో కంకులు కట్టి, ప్రయోగశాలలో క్రోమోజోములు చూసి, మారుతున్నాయని తేల్చింది.

ఆ ఏడాది థామస్ హంట్ మోర్గన్ కార్నెల్ వచ్చాడు. ఈగల మీద జన్యుశాస్త్రాన్ని నిలబెట్టిన పెద్దమనిషి. వీళ్ల ఫలితాలు చూసి, ఇంకో పంట దాకా ఆగుతామంటే, ఆగొద్దు, వెంటనే రాయండని తొందరపెట్టాడు. ఆ ఆగస్టులో పత్రం అచ్చయింది. అదే సంగతిని జర్మనీలో కర్ట్ స్టెర్న్ ఈగల్లో రుజువు చేస్తున్నాడు. మోర్గన్‌కు ఆ విషయం ముందే తెలుసట. ఈగకు పది రోజులకో తరం, మొక్కజొన్నకు ఏడాదికో పంట. ఒక్కసారైనా మొక్కజొన్న గెలవాలని తాను అనుకున్నట్టు తర్వాత ఆయనే ఒప్పుకున్నాడంటారు.

ఈ కథను క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు. నాకు మాత్రం అందులో మోర్గన్ పెద్దరికం కనిపిస్తుంది. పంట నడక వేరు, పోటీ నడక వేరు అని ఆయనకు తెలుసు. ఆ తేడా భారం ఓ విద్యార్థిని మీద పడకుండా తన మాటబలం అడ్డుపెట్టాడు. మన దగ్గర ఎంతమంది పెద్దలు అలా అడ్డుపెడుతున్నారు? సరే, ఆ ప్రశ్న ముందు వరుసకు. జవాబు అక్కర్లేదు.

మెక్‌క్లింటాక్ సంగతి ఇంకొంచెం. ఆ తర్వాత పదేళ్లు ఆమె ఫెలోషిప్పుల మీదా, తాత్కాలిక కొలువుల మీదా గడిపారు. 1940ల మొదట్లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో నిలకడైన చోటు దొరికాక, తన మొక్కజొన్న తానే వేసుకుని, ప్రతి మొక్కనూ తానే చూసుకుని, చోటు మార్చుకునే జన్యువులను కనిపెట్టారు. నోబెల్ 1983లో వచ్చింది. చోటు మార్చుకునే జన్యువులు దొరకాలంటే చూసే మనిషి చోటు మారకుండా ఉండాల్సి వచ్చింది!

3

ఇప్పుడు మన లెక్క వేద్దాం. వెనక పిల్లలు కాగితం తీయండి, మీకిది నాకంటే బాగా తెలుసు.

పరిశోధన ఫెలోషిప్పులో జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు, మొత్తం అయిదు. 2023 నుంచి నెలకు 37,000, తర్వాత 42,000. అదీ నెలనెలా వస్తే. వరి మీద పనిచేసే అమ్మాయికి ఖరీఫ్, రబీ కలిపి పది పంటలు. కోర్స్ వర్క్‌కు ఒకటి పోయింది, తొమ్మిది. క్రాసింగ్‌కు ఒకటి, మొదటి సంకర తరం ఎఫ్1కు ఒకటి, ఎఫ్2 నుంచి ఎఫ్7 దాకా ఆరు. ఎనిమిదయ్యాయి. మిగిలిన ఒక్క పంటలో దిగుబడి చూడాలి, తెగులు చూడాలి, థీసిస్ రాయాలి. మధ్యలో ఒక్క తుపాను వస్తే? కోస్తాలో ఉన్నవాళ్లు తుపాను రాదని రాసివ్వగలరా?

కంది తీసుకున్నవాడి గతి చూడండి. పగటి పొద్దు తగ్గితేగాని పూత రాని రకాలు, ఏడాదికి ఒకే పంట. అయిదేళ్లకు అయిదు పంటలు. ఎఫ్4 దగ్గర ఫెలోషిప్ అయిపోతుంది. మామిడి గురించి నేను మాట్లాడను, నవ్వుతారు.

అందుకే తెలివైన పిల్లలు అరాబిడాప్సిస్ వైపు వెళతారు. ఆవ కుటుంబంలోని ఆ చిన్న కలుపు మొక్క ఆరేడు వారాల్లో గింజ నుంచి గింజకు వస్తుంది. మొక్కల్లో మొట్టమొదట, 2000లో, దాని జన్యుపటమే పూర్తయింది. వాళ్లను నేను తప్పుపట్టను. పువ్వు ఎలా రూపుకడుతుందో మనకు చాలావరకు నేర్పింది ఆ మొక్కే. కానీ దేశంలో కందిని తినేవాళ్లెందరో, కంది మీద కూర్చునే పరిశోధకులెందరో పక్కపక్కన పెట్టి చూస్తే బాధగా ఉంటుంది.

ఈమధ్య రోజుకు 22 గంటలు దీపాలు వెలిగించి గోధుమను ఏడాదికి ఆరు తరాలు పండిస్తున్నారు. మంచి పద్ధతి, 2018లో దాని మీద వచ్చిన పత్రం అందరూ చదవాల్సిందే. అయితే గదిలో తరాలు తొందరగా తిరుగుతాయిగానీ, అగ్గితెగులు ఏడాదికి ఆరుసార్లు రాదు. వాన రాదు, నీటి ఎద్దడి రాదు. మొక్కకు కష్టం వచ్చినప్పుడు దాని తీరు ఎలా మారుతుందో చూడాలంటే మళ్లీ గట్టు మీదికే రావాలి.

తీరు అంటే గుర్తొచ్చింది. నా మొదటి ఉద్యోగంలో వరి విత్తన మడిలో కేళీలు తీయించేవాణ్ణి. నా దగ్గర పుస్తకం ఉండేది. ఆకు తొడుగు రంగు, ఆకు నిలుపు, ఎన్ను పొడవు, ముల్లు ఉందా లేదా, అన్నీ సరిచూసుకునేవాణ్ణి. నేను రెండో లక్షణం దగ్గర ఉండగానే కూలికొచ్చిన ఒకావిడ మొక్క పీకి చేతిలో పెట్టేది, "బాబూ, ఇది మనది కాదు" అని. ఎలా తెలిసిందమ్మా అంటే, "ఒంగిన తీరు వేరుగా లేదూ?" అనేది. ఆ తీరు నా కంటికి ఆనడానికి మూడు పంటలు పట్టింది. నాలుగో పంటకు నన్ను బదిలీ చేశారు.

4

స్వర్ణ సంగతి మన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో వశిష్ఠను మసూరితో కలిపి తీసిన రకం, ఎం.టి.యు. 7029, 1982లో విడుదలైంది. ఎరువు తక్కువైనా పండుతుందని ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకింది. అక్కడి పల్లపు పొలాల్లో ఒక ఇబ్బంది. వరద వచ్చి వారం పది రోజులు మునిగితే స్వర్ణ కుళ్లిపోతుంది.

మునిగిన వరికి సహజంగా ఉండే బుద్ధి ఏమిటంటే, పొడుగ్గా సాగి నీటిపైకి తల ఎత్తడం. నీళ్లలో ఇథిలీన్ వాయువు బయటికి పోలేక మొక్కలోనే పేరుకుని సాగమని తొందరపెడుతుంది. నీరు నిలకడగా ఉండే చోట ఆ బుద్ధి మంచిదే. రెండు వారాల్లో తీసే వరదలో మాత్రం ఉన్న పిండిపదార్థమంతా సాగడానికే ఖర్చుపెట్టి, నీరు తీశాక నిలబడే శక్తి లేక పడిపోతుంది. ఒడిశా పాత రకాల్లోంచి ఎంచి తీసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే వరి అలా చేయదు. మునిగితే ఎదుగుదల ఆపేసుకుని, దాచుకున్నది దాచుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. రైతులు చాలాకాలంగా ఎరిగిన గుణం ఇది. దిగుబడి తక్కువ, కాబట్టి ఎవరికీ పనికిరాకుండా ఉండిపోయింది.

1990లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో డేవిడ్ మకిల్ దగ్గర కెనాంగ్ షు అనే విద్యార్థి ఆ గుణం ఎక్కడుందో వెతకడానికి కూర్చున్నాడు. తొమ్మిదో క్రోమోజోము మీద ఉందని 1996లో తేలింది. (అవును, ఇక్కడా తొమ్మిదే. కాకతాళీయం.) అయితే క్రోమోజోము తెలియడమంటే ఊరి పేరు తెలిసినట్టు, ఇల్లు తెలిసినట్టు కాదు. వేలకొద్దీ మొలకలను పెంచడం, నీళ్లలో ముంచడం, తీసి ఏది బతికిందో చూడటం, ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీయడం, వెతికే ముక్కను కొంచెం కొంచెంగా కుదించుకురావడం. డాక్టరేట్ తర్వాత షు అదే ఊళ్లో పమేలా రోనాల్డ్ ప్రయోగశాలకు మారి అదే ప్రశ్నను పట్టుకున్నాడు. సబ్1ఎ అనే ఆ జన్యువు వివరం 2006లో నేచర్‌లో వచ్చింది. మొదటి పేరు అతనిదే. పటం మీద చుక్క పెట్టిన నాటినుంచి పదేళ్లు, అదే మనిషి, అదే ప్రశ్న.

ఆ గుణాన్ని స్వర్ణలోకి దించడం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగింది. స్వర్ణతోనే తిరిగి తిరిగి కలుపుతూ, ప్రతి విడతా డీఎన్‌ఏ గుర్తులు చూసి ఏరుతూ, స్వర్ణలో స్వర్ణ గుణాలన్నీ ఉంచి ఈ ఒక్కటే చేర్చారు. ఆ పద్ధతి వివరించిన 2007 నాటి పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజ. మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. మార్టేరు వరి, ఒడిశా జన్యువు, డేవిస్ విద్యార్థి, హైదరాబాదు శాస్త్రవేత్త. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా కోలుకుంటుంది.

ఆ పదేళ్లలో షు గడువు ముగిసి ఇంటికి వెళ్లి ఉంటే ఆ జన్యువు ఎప్పటికీ దొరికేది కాదని నేననను. ఇంకొకరు పట్టుకునేవారు. ఎన్ని వరదల తర్వాత అన్నదే నా ప్రశ్న.

5

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. జానకి అమ్మాళ్ ఒకచోట నిలిచారా? మిషిగన్, తిరువనంతపురం, కోయంబత్తూరు, లండన్, విస్లీ. కదలికే ఆమెను పెద్ద శాస్త్రవేత్తను చేసిందనవచ్చు. ఒప్పుకుంటాను. కొత్త చోట కొత్త మొక్కలు కనిపిస్తాయి. సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి 1945లో ఆమె వెలువరించిన సాగు మొక్కల క్రోమోజోముల పట్టిక అంత తిరిగిన మనిషి కాబట్టే సాధ్యమైందేమో. అయితే ఆమె వెళ్లిన ప్రతిచోటా అదే సూక్ష్మదర్శిని, అదే లెక్క. ప్రశ్న ఆమెతో పాటు ప్రయాణించింది. మన పిల్లలు గడువు తీరి వెళ్లేటప్పుడు ప్రశ్న ఇక్కడే ఆగిపోతుంది, విత్తనం అల్మరాలో ఉండిపోతుంది.

ఆ అల్మరా గురించి ఒకటి చెప్పి ముగిస్తాను. చెప్పడం సిగ్గుగానే ఉంది.

నేను పనిచేసిన ఒక చోట ఒక అమ్మాయి వరిలో ఎఫ్6 దాకా తెచ్చింది. రెండొందల పైచిలుకు వంశాలు, ఖాకీ కవర్లలో, అంకెలు వేసి. ఫెలోషిప్ అయిపోయింది, పట్టా వచ్చింది, వెళ్లిపోయింది. ఏడాదికి తనిఖీ బృందం వస్తుందంటే గదులు ఖాళీ చేయమన్నారు. గడువు దాటిన విత్తనాల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. చూడకుండా సంతకం పెట్టాను. గింజలు పావురాలకు పోశారు.

తర్వాత ఆమె నోటు పుస్తకం నా కంటపడింది. కొన్ని వంశాల పక్కన చుక్క, కొన్నింటికి రెండు చుక్కలు, ఏడింటికి మాత్రం చిన్న సున్నా. థీసిస్‌లో ఆ సున్నాల మాటే లేదు. ఫోన్ చేశాను. నీట్ కోచింగ్ సెంటర్లో బోటనీ చెబుతోందట, క్లాసుల మధ్య మాట్లాడింది. "అవా సార్? నీళ్లు ఆపిన వారంలో మధ్యాహ్నం అన్నీ ఆకు చుట్టుకున్నాయి, ఆ ఏడూ చుట్టుకోలేదు. ఇంకో పంట చూశాక రాద్దామనుకున్నాను" అంది. విత్తనం ఉందా సార్ అని అడిగింది. నేను చెప్పిన జవాబు ఇక్కడ చెప్పను.

అందుకని నేను కోరేవి పెద్దవేమీ కావు. గ్రంథాలయం పుస్తకాలు అప్పగించారా అని సంతకం పెట్టించుకునే ముందు విత్తనం ఎవరికి అప్పగించారో అడగండి. పొలంలో పంట నిలబడి ఉండగా ఎవరి జీతమూ ఆపకండి, ఆ పంట కోతకొచ్చేదాకా పొడిగించండి. నోటు పుస్తకాల్లోని సున్నాలకు అర్థమేమిటో ఆ మనిషి గేటు దాటకముందే కూర్చోబెట్టి అడగండి.

విస్లీలో ఉండగా జానకి అమ్మాళ్ మాగ్నోలియా మొలకలకు కోల్చిసిన్ మందిచ్చి చూశారు. కోబస్ అనే ఆ జాతి మొలక నుంచి పువ్వు దాకా రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆమె 1951లో మన దేశానికి వచ్చేశారు. ఆ మొలకలను అక్కడి బ్యాటిల్‌స్టన్ హిల్ అనే గుట్ట మీద నాటారు. వాటిలోంచి వచ్చిన ఒక రకానికి జానకి అమ్మాళ్ అనే పేరు పెట్టారు. ఇప్పటికీ వసంతం మొదట్లో, ఆకు రాకముందే, తెల్లగా పూస్తుంది. ఆవిడ వెళ్లిపోయాక ఎవరో వాటికి నీళ్లు పోసి ఉంటారు. చీటీలు ఊడిపోకుండా కట్టి ఉంటారు.

బయట టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. ఇంతసేపు గోడవారన నిలబడి విన్న పిల్లలు ముందు తీసుకోండి.